కెమెరాకు నుదురు ఎక్కడ

ముదినేపల్లి
12 జూలై 1997

నాంచారికి వదిన ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. మీ అమ్మగారి మోకాలు వానకు ముందు నొప్పి మొదలుపెడుతుంది, వాన పడ్డాక మానేస్తుంది. రేడియో కంటే అత్తయ్య మోకాలే నయమని మీ అన్నయ్య అంటున్నారు. రెండో చెరువులో చేపల పట్టుబడి అయింది. బొచ్చె బాగా ఎదిగింది. రాగండి మాత్రం పెట్టిన తవుడంతా తిని అలాగే ఉంది.

ఒక సంగతి అడగాలి. టెలిఫోన్ దగ్గరికి వెళ్లి అడిగితే అక్కడ బెంచీ మీద కూర్చున్న వాళ్లంతా వింటారని రాస్తున్నాను. మీ మరిది పెళ్లిలో మీ ఆయన "అక్కయ్య గారూ, ఒక్క నిమిషం" అని మెడలో కెమెరా తీసి నా చేతిలో పెట్టి ఫ్లాషుకి సెల్లు మార్చుకోవడానికి వెళ్లారు. ఊరికే కంటికి పెట్టుకున్నాను. అంతా మసక. ముందున్న రింగు తిప్పితే ఆ మసకలోంచి మనుషులు ఒక్కొక్కరే తేలి వచ్చారు. ఇంకాస్త తిప్పితే వంటశాల తలుపు వెనక నిలబడ్డ అత్తయ్య కనిపించారు. ముక్కుపుడక రాయి కూడా కనిపించింది. ఇంతలో మీ ఆయన వచ్చి కెమెరా తీసుకున్నారు.

అలాంటిది ఇంటికి ఒకటి కొనాలంటే ఏది కొనాలి? కార్తీకంలో మా వీధి ఆడవాళ్లం బస్సు మాట్లాడుకుని మంగినపూడి, మోపిదేవి, హంసలదీవి వెళ్దామనుకుంటున్నాం. అప్పటికి ఉంటే బాగుంటుంది. కెమెరాల సంగతి మీ ఆయనకే తెలుసు, గోవర్ధనరావు గారిని అడిగి రాయి.

మీ వదిన
దుర్గ

*

బందరు
28 జూలై 1997

వదినకు నాంచారి నమస్కారాలు.

ఉత్తరం అందింది. అమ్మ మోకాలి సంగతి ఇక్కడి చేపల వాళ్లకు చెప్పాను, వేటకు వెళ్లే ముందు కబురు చేయమన్నారు.

నువ్వు కెమెరా అడిగిన ముక్క మా ఆయన రెండుసార్లు చదివారు. చదివి, "బావ ముదినేపల్లిలో స్టూడియో పెడుతున్నాడా ఏమిటి?" అన్నారు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. కైకలూరు రోడ్డు మీద పెళ్లిళ్లకు ఇక్కణ్ణుంచి ఆయనే వస్తున్నారు కదా. పెట్టదలచుకుంటే పెట్టమను, కానీ ముందుగా ఒక మాట చెప్పమని రాయమన్నారు. అన్నయ్యను నేను ఎరగనా అన్నాను. అయినా రాస్తున్నాను.

స్టూడియోకి కాకుండా ఇంటికే అయితే ఆ రింగుల కెమెరా వద్దట. వెలుతురు చూసుకోవాలి, దూరం చూసుకోవాలి, మెడ లాగుతుంది. అన్నయ్యకు అంత ఓపిక ఉండదు. నొక్కితే ఫొటో పడేది, జేబులో పట్టేది ఒకటి చాలని ఆయన అభిప్రాయం.

అమ్మ ముక్కుపుడక వరకు చూశావా నువ్వు? మా ఇంట్లో అమ్మ ఫొటో ఒక్కటీ లేదు వదినా. అల్లుడి ఎదుట పడకూడదని ఆవిడ పట్టుదల. అల్లుడేమో ఫొటోగ్రాఫరు. మా పెళ్లి ఆల్బంలో కూడా తలుపు పక్కన పమిట చెంగు ఉంటుంది, అమ్మ ఉండదు.

నీ ఆడపడుచు
నాంచారి

*

ముదినేపల్లి
9 ఆగస్టు 1997

నాంచారీ,

స్టూడియో ముక్క చదివి వినిపిస్తే మీ అన్నయ్య తవుడు బస్తా మీద కూలబడి నవ్వారు. ఆయనకు ఫొటో దిగే ఓపికే లేదు. రేషన్ కార్డు ఫొటోలో కూడా వాచీ చూసుకుంటున్నారు. కైకలూరు రోడ్డు పెళ్లిళ్లన్నీ మీవేనని గోవర్ధనరావు గారికి చెప్పు.

కెమెరా నాకు. మొదటి ఉత్తరంలోనే అలా రాయవలసింది. రాయబోయి "ఇంటికి" అని రాశాను. పాడి డబ్బు నా దగ్గర ఉంది, ఎవరినీ అడగక్కర్లేదు.

ఎందుకు అంటే సరిగా చెప్పలేను. తెల్లారేసరికి చెరువు గట్టు మీద నీటికాకులు రెక్కలు చాపుకుని వరసగా నిలబడతాయి, తీగ మీద గుడ్డలు ఆరేసినట్టు. మన వాళ్లు టపాకాయ కాలుస్తారు. అన్నీ ఒక్కసారి లేస్తాయి. చేపలు తినేస్తాయని వాళ్ల బాధ. నాకేమో ఆ లేవడం చూడాలని రోజూ పనులు మానుకుని గట్టు మీదికి వెళ్లాలనిపిస్తుంది. చూసింది పట్టుకుని ఇంటికి తెచ్చుకునే దారి ఒకటి ఉందని పెళ్లిలో తెలిసింది. అంతకంటే ఏమీ లేదు.

మీ అన్నయ్యకు చెప్పాను. చేపలకు ఫొటోలు తీసి పెళ్లి సంబంధాలు చూస్తావా అన్నారు. నేను నవ్వకపోయేసరికి ఆలోచించి ఒక షరతు పెట్టారు. కార్తీకం ప్రయాణానికి మీ దగ్గర్నుంచి చిన్న కెమెరా తెప్పించుకోవాలి. అందులో తీసినవి నలుగురికి చూపించేటట్టు ఉంటే పెద్దది కొనడానికి ఆయనే వెంట వస్తారు. లేకపోతే ఇక ఆ మాట ఎత్తకూడదు. నేను సరే అన్నాను. డీజిలు ఇంజను తిప్పేదాన్ని, బొత్తాం నొక్కలేనా? నొక్కితే పడే దాంట్లో నేను చేసే పనేముందో మాత్రం తెలియడం లేదు.

దుర్గ

*

బందరు
3 నవంబరు 1997

వదినకు,

ఐసు లారీ పోలయ్యతో చిన్న కెమెరా పంపుతున్నాను. ఐసు మీద పెట్టవద్దని, ఒళ్లో పెట్టుకోమని చెప్పాను. రీలు మా ఆయనే వేసి ఇచ్చారు. అయిపోయేదాకా వెనక తలుపు తెరవకు. తీసేటప్పుడు సూర్యుడు నీ వీపు వైపు ఉండాలి. లెన్సు పక్కనున్న కన్నంలోంచి చూసి నొక్కడమే, ఇంకేమీ తిప్పక్కర్లేదు.

అన్నయ్య షరతు విని మా ఆయన సంతోషించారు. "ఇందులో బాగా వస్తే పెద్దది నేనే ఎంచిపెడతాను, రాకపోతే అక్కయ్య గారికే ఖర్చు తప్పుతుంది" అన్నారు. స్టూడియో భయం పోయాక మనిషి తేలికపడ్డాడు.

మీ బస్సు వచ్చిన రోజు బీచికి వస్తాను. అమ్మను కూడా తీసుకురా.

నాంచారి

*

ముదినేపల్లి
18 నవంబరు 1997

నాంచారీ,

నువ్వు బీచికి వస్తావని అందరం ఎదురు చూశాం. ఆ రోజు మీ కొట్లో ఎవరిదో ఓణీల ఫంక్షను ఆర్డరు తగిలిందని తర్వాత పోలయ్య చెప్పాడు. అత్తయ్య మోకాలి వల్ల రాలేదు. మోకాలు కాకపోతే ఇంకోటి చెప్పేవారనుకో, బందరు అంటే అల్లుడు గారి ఊరు కదా.

ఆవిడ రాకపోయినా కెమెరాకు చెయ్యవలసినవి చేశారు. తెల్లవారుజామున దీపం పెట్టి, ఆ చేత్తోనే కుంకుమ తడిపి దానికి బొట్టు పెట్టారు. మోటారుకి, ట్రాక్టరుకి, చెరువులో నీళ్లు చిలికే మిషనుకి పెట్టలేదా? కొత్త వస్తువు బొట్టు లేకుండా గడప దాటకూడదట. బొట్టు కాస్త జారితే చీకట్లోనే పమిట చెంగుతో తుడిచి సంచిలో పెట్టుకున్నాను.

మంగినపూడిలో జనం ఇంతా అంతా కాదు. మా వాళ్లంతా చేతులు పట్టుకుని వరసగా నీళ్లలో నిలబడ్డారు. కెరటం వచ్చేసరికి వరస మధ్యలో తెగి, పాల కేంద్రం మేస్త్రి భార్య ఒక్కతే కూర్చుండిపోయింది. సరిగ్గా అప్పుడు నొక్కాను. హంసలదీవిలో నది సముద్రంలో కలిసే చోట నీళ్లు రెండు రంగులుగా ఉన్నాయి. అదీ తీశాను. వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకడు, నాకు ఫొటో పంపుతావా అని అడిగి మరీ మీసం దువ్వుకున్నాడు. అడ్రసు రాసుకున్నాను. కన్నంలోంచి అన్నీ తేటగా కనిపించాయి.

వచ్చేటప్పుడు బస్సులో అందరూ నిద్రపోయారు. నాకు నిద్ర పట్టలేదు. ఏది ఎలా వచ్చిందోనని ఒక్కొక్కటే తలుచుకుంటూ కూర్చున్నాను. రీలు పోలయ్యతో పంపుతున్నాను. తొందరగా కడిగించు.

దుర్గ

*

బందరు
1 డిసెంబరు 1997

వదినా,

ఎలా రాయాలో తెలియక నాలుగు రోజులు ఆగాను. ఫొటోలు సరిగా రాలేదు. ఒకటీ రెండూ కాదు, అన్నీ. మంచు పట్టినట్టు ఉన్నాయి, నడుమ ఎర్రటి మసక. బీచిలో మనుషులు ఆవిరిలో నిలబడ్డట్టు ఉన్నారు. వల ముసలాయన మీసం ఉందో లేదో తెలియడం లేదు.

మా ఆయన ఏదో సూర్యుడికి ఎదురుగా తీసి ఉంటుంది, చెయ్యి కదిలి ఉంటుంది అన్నారు. కొట్లో ఎవరో చూసి ఏమిటివి అంటే, మా అక్కయ్య గారు సముద్రాన్ని ఉడకబెట్టారు అన్నారట. వాళ్లు నవ్వారు. ఆయన మాట అంతే, మనసులో ఏమీ ఉండదు.

అన్నయ్య మొన్న ఆస్పత్రి పని మీద బందరు వచ్చి ఇక్కడే భోంచేశాడు. ఫొటోలు చూశాడు. నీకు ముందే చెప్పి ఉంటాడు.

నాంచారి

*

ముదినేపల్లి
8 డిసెంబరు 1997

నాంచారికి,

మీ అన్నయ్య నాకేమీ చెప్పలేదు. ఫొటోలు ఇంకా రాలేదనే అనుకుంటున్నాను. వారం రోజులుగా ఆయన నాకు పని చెప్పకుండా తనే చేసుకుంటుంటే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

ఉడికిన సముద్రం చూడాలనుకునే వాళ్లందరికీ చూపించమను. చిన్న కెమెరా పోలయ్యతో పంపించేస్తున్నాను. ఇక ఆ మాట ఎత్తను.

అత్తయ్య బాగున్నారు.

దుర్గ

*

ముదినేపల్లి
27 డిసెంబరు 1997

నాంచారీ,

ఎత్తనన్న మాట ఎత్తుతున్నాను.

మొన్న పొద్దున అత్తయ్య దీపం పెట్టి వచ్చి కళ్లజోడు సర్దుకుని, "ఏమే, ఇవాళ ఇంత మంచు పడిందేమిటి?" అన్నారు. ఎండ చెళ్లున కాస్తోంది. కళ్లజోడు తీసి నాకిచ్చి తుడిచిపెట్టమన్నారు. చెంగుతో తుడిచి ఇచ్చాను. ఇంకా మంచే అన్నారు. తెచ్చి నేను పెట్టుకుని చూశాను.

వీధంతా మంచు. నడుమ ఎర్రటి మసక. అరుగు మీద కూర్చున్న మీ అన్నయ్య ఆవిరిలో కూర్చున్నట్టు ఉన్నారు.

దీపం పెట్టిన చేతికి నూనె ఉంటుంది. ఆ చేత్తోనే బొట్టు పెట్టుకుంటారు, కళ్లజోడు సర్దుకుంటారు. గుడ్డతో తుడిస్తే పొడి పోతుంది, నూనె పోదు, ఎరుపుతో సహా పరుచుకుంటుంది. కెమెరాకు బొట్టు ఎక్కడ పెట్టారని అడిగాను. "ముఖానే పెట్టాను. అద్దమే కదా దాని ముఖం?" అన్నారు. కన్నంలోంచి చూస్తే అన్నీ తేటగా కనపడుతుంటే అద్దం మీద ఏముందో నాకెలా తెలుస్తుంది? నేను చూసేది ఒక కన్ను, బొమ్మ పడేది ఇంకో కన్ను. ఆ కెమెరాలో అదీ సంగతి.

కళ్లజోడు తీసుకెళ్లి మీ అన్నయ్యకు పెట్టాను. చూశారు. మళ్లీ చూశారు. బందరులో చూసిన ఫొటోలు గుర్తొచ్చి ఉంటాయి. "ఇవి చూసి నీకు చేతకాదనుకున్నాను" అన్నారు. అనుకుంటే అనవలసింది, వారం రోజులు గేదెలకు నీళ్లు పెట్టడమెందుకు అన్నాను.

మీ ఆయన మెడలో వేసుకునే దాంట్లో నేను చూసిందీ బొమ్మ పడేదీ ఒక్క కంటిలోంచేనా? పెళ్లిలో రింగు తిప్పినప్పుడు నా కంటికే మసక, నా కంటికే తేట. అవునంటే నాకు అదే కావాలి. మురికి ఉంటే నాకూ కనపడాలి.

అత్తయ్యకు ఈ సంగతి చెప్పలేదు. బాధపడతారు.

దుర్గ

*

బందరు
22 జనవరి 1998

వదినా,

నీ ఉత్తరం చదివి మా ఆయన చిన్న కెమెరా తీసి దీపం వెలుగులో అడ్డంగా పట్టుకుని చూశారు. అద్దం మీద నూనె ఇంద్రధనస్సులా ఉంది. పోలయ్య తెచ్చి ఇచ్చాక ఎవరూ ముట్టుకోలేదు. "కెమెరా చూడకుండా మనిషిని అన్నాను" అన్నారు. అంతకుమించి ఆయన చేత అనిపించలేవు. ఉడికిన సముద్రం మాట కొట్లో నవ్విన వాళ్లకు ఆయనే మళ్లీ చెప్పారు, ఈసారి తన మీద పెట్టుకుని.

ఒక్క కంటిలోంచేనా అని అడిగావు, అవునట. అందులో లోపల ఒక అద్దం వాలుగా ఉండి, లెన్సులోంచి వచ్చిందే నీ కంటికి చూపిస్తుందట. అలాంటివి రెండు ఉన్నాయి, నువ్వే తేల్చుకో అన్నారు. ఒకటి నికాన్, కొత్తది. మద్రాసు నుంచి తెప్పించాలి. తేలిక. దూరాన్ని దగ్గరికి లాగే లెన్సు వస్తుంది. రెండోది పెంటాక్స్, గుడివాడ సత్యానందం గారిది. ఆయన వీడియోలోకి దిగి దాన్ని వదిలించుకుంటున్నారు. ఇనప ముద్ద. లెన్సు ఒక్కటే, దగ్గరికి కావాలంటే నువ్వే నడవాలి. కొత్తదే నయమని ఆయనకు ఉంది. కానీ ఈసారి నేను చెప్పను, అక్కయ్య గారే పట్టుకుని చూడాలి అన్నారు.

నువ్వు బీచిలో ఎదురు చూశావని రాశావు. ఆ రోజు కొట్టు వదిలి రాలేకపోయాను. డిసెంబరులో నువ్వు రాసిన మూడు ముక్కల ఉత్తరం ఇంకా నా మనసులో ఉంది. నేను నవ్వలేదు వదినా.

నాంచారి

*

ముదినేపల్లి
16 ఫిబ్రవరి 1998

నాంచారీ,

నువ్వు నవ్వావని నేను అనుకోలేదు. అనుకున్నాననుకో, ఒక వారం.

మీ అన్నయ్యే గుడివాడ తీసుకెళ్లారు. సత్యానందం గారి కొట్లో పెంటాక్స్ పట్టుకున్నాను. నికాన్ లాంటిది ఆయన శిష్యుడి దగ్గర ఉంటే అదీ తెప్పించి చూపించారు. అది చక్కగా ఉంది. లాగితే రోడ్డవతల సోడా బండి దగ్గరికి వచ్చింది. అయినా బరువుదే తీసుకున్నాను. చేతికి బరువు తెలుస్తుంటే చెయ్యి కదలడం లేదు. దగ్గరికి వెళ్తే పిట్టలు లేచిపోతాయి కదండీ అన్నారాయన. లేచేదే నాకు కావాలి అన్నాను. లోపల పక్కన ఒక ముల్లు ఉంది. వెలుతురు చాలితే మధ్యలో నిలబడుతుంది. చేపల కాటా ముల్లు రోజూ చూసేదాన్ని, అది నాకు కొత్త కాదు. మీ అన్నయ్య బేరం ఆడబోతే, తవుడు కొనడం కాదండీ అని నేనే ఆపాను.

ఇంటికి తెచ్చి రీలు వేసి అరుగు మీద కూర్చుని కంటికి పెట్టుకుని రింగు తిప్పుతున్నాను. గుమ్మంలోంచి ఏదో ఎర్రటిది తేలుతూ నా మీదికి వచ్చింది. తిప్పితే అత్తయ్య వేలు, చివర కుంకుమ. వేలు తేటపడితే ముఖం మసకవుతోంది, ముఖం తేటపడితే వేలు మసకవుతోంది.

"ఆగండత్తయ్యా, అద్దం మీద వద్దు" అన్నాను.

"బొట్టు ముఖాన పెట్టక వీపున పెడతారటే?"

"నుదుట పెట్టండి. దీనికి నుదురుంది."

ఉన్న మాటే. ఈ కెమెరాకు లెన్సు పైన గూడులా ఒకటి లేచి ఉంటుంది, సరిగ్గా నుదురే.

"ఎక్కడే?" అని వేలు అలాగే పట్టుకుని, వంగి, కెమెరాను తేరిపార చూశారు. నేను రింగు ముఖం దగ్గర ఆపాను. ముల్లు మధ్యలో ఉంది. నొక్కాను.

"ఆ చప్పుడేమిటే?" అన్నారు.

"నుదురు ఇక్కడత్తయ్యా" అని చూపించాను. పెట్టారు. ఇంకా ఉంది, తుడవలేదు.

రీల్లో మిగిలినవన్నీ నీటికాకులు. సగం వట్టి ఆకాశమే వచ్చి ఉంటుంది. మొదటిది మాత్రం జాగ్రత్తగా కడిగించమను.

దుర్గ

*

బందరు
20 మార్చి 1998

వదినా,

నీటికాకులు రెండు బాగా వచ్చాయి. ఒకదాంట్లో అన్నీ లేచాక ఒక్కటి మాత్రం గట్టు మీదే ఉండి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. మిగతావి నువ్వన్నట్టు ఆకాశమే. మంగినపూడికి మళ్లీ వెళ్దాం, ఈసారి కొట్టు మూసేసి నేనూ వస్తాను. వల ముసలాయనకు నువ్వు మీసం బాకీ ఉన్నావు.

మొదటి ఫొటో మా ఆయన చీకటి గదిలోనే ఎత్తి పట్టుకుని చూశారట. బయటికి తెచ్చి నా చేతిలో పెట్టారు. ముందు ఎర్రటి మసక, అది వేలు అని నువ్వు రాశావు కాబట్టి తెలిసింది. వెనక అమ్మ. ముక్కుపుడక రాయి, కళ్లజోడు వెనక కళ్లు, అన్నీ. ఏదో వెతుకుతున్నట్టు సూటిగా చూస్తోంది. నన్నే అనిపించింది.

మా ఆయన మర్నాడు పెద్దది చేసి ఫ్రేము కట్టి, కొట్లో తన బల్లకు ఎదురు గోడన తగిలించారు. ఎవరిదండీ అంటే మా అత్తగారు అంటున్నారు. ఎవరు తీశారంటే మా అక్కయ్య గారు అంటున్నారు. ముదినేపల్లిలో స్టూడియో ఉందా అని ఒకాయన అడిగాడు. ఉంటే నా గతేం కాను అన్నారు.

అది తగిలించినప్పటి నుంచి కొట్లో కాలు మీద కాలు వేసుకోవడం మానేశారు. సిగరెట్టు వెనక సందులోకి వెళ్లి కాలుస్తున్నారు.

అమ్మకు మాత్రం చెప్పకు. అల్లుడి ఎదుట రోజంతా కూర్చుంటున్నానని తెలిస్తే అన్నం మానేస్తుంది.

నీ ఆడపడుచు
నాంచారి